ఐదో పేరాకు సవరణ

"పేలే టైమ్ పన్నెండున్నర. టార్గెట్ చెంచురామయ్య. బాంబు ఉపన్యాస పీఠంల ఉన్నది. ముట్టుకున్నా పేలుతది," అంది సాహిత్య, కెమెరా లెన్సు తుడుస్తూ.

టేకులపల్లి ఫంక్షన్ హాలులో అటవీ శ్రామిక సమాఖ్య మహాసభ జరుగుతోంది. సభ దృష్టిలో సాహిత్య డాక్యుమెంటరీ తీయడానికి వచ్చిన సుందరాంగి. విదేశీ గనుల ముఠా దృష్టిలో తమ ఏజెంటు. నిజానికి ఆమె ఢిల్లీ నిఘా సంస్థ మనిషి. ఎర్రచొక్కా తొడిగి, జూలూరుపాడు ప్రతినిధి వేషంలో ఆమె పక్కన నిలబడ్డవాడు అదే సంస్థ ఏజెంట్ కోటేష్. సమయం 12:17.

సమాఖ్యలో సిద్ధాంతం అందరిదీ ఒకటే: అడవి భూమి దున్నేవాడిది, గనులు రాకూడదు. ఎలా సాధించాలన్న దగ్గరే ఇరవై ఏళ్లుగా మహాసంగ్రామం. కార్యదర్శి చెంచురామయ్యది ఎన్నికల బాట, రామన్నది భూ ఆక్రమణ బాట. పెద్దాయన వేదిక మీద హతమైతే ఆయన వర్గం రామన్న వర్గం మీద పడుతుంది. ఉభయులూ అంతరించాక ముఠా తీరిగ్గా తవ్వుకుంటుంది. బాంబుందని అరిచినా ఫలితం అదే. పెట్టిందెవరన్న ప్రశ్న పుడుతుంది, జెండా కర్రలు లేస్తాయి.

ఢిల్లీకి ఇదొక ఫైలు. కోటేష్ తల్లి రూప్లి దున్నుకుంటున్న మూడెకరాల పట్టా కోసం మాత్రం ఈ చెంచురామయ్యే పద్నాలుగు నెలలు జైల్లో ఉన్నాడు.

అజెండా ప్రకారం 12:20కి తీర్మానం మీద చర్చకు కార్యదర్శి సమాధానం. సమాఖ్య చరిత్రలో ఏ అంశమూ వేళకు మొదలైన దాఖలా లేదు. ఇవాళే, పగబట్టినట్టు, పెద్దాయన కళ్లద్దాలు సర్దుకుని పీఠం వైపు కదిలాడు.

కోటేష్ చెయ్యెత్తాడు. సవరణ వస్తే అది తేలేదాకా కార్యదర్శి మాట్లాడరాదన్నది సమాఖ్య నియమావళిలో వేదవాక్యం.

"అధ్యక్షా, తీర్మానం ఐదో పేరాల 'ఎన్నికలలో పాల్గొనుట' ముందట 'తప్పనిసరి అయితేనే' అని చేర్చాలె."

తర్వాత ఏ ప్రయోగశాలా తయారుచేయలేని విస్ఫోటనం.

"తప్పనిసరని తేల్చేదెవరు? ఆఫీసుల కూసున్నోళ్లా?" అన్నాడు రామన్న, లేచి.

ఒకవైపు నుంచి మితవాదమన్న అభియోగం, మరోవైపు నుంచి దుస్సాహసమన్న ప్రత్యభియోగం. 12:24కి రామన్న వర్గం నినాదాలతో వాకౌట్ చేసింది. 12:26కి ఆ వాకౌట్‌ను నిరసిస్తూ ఎదుటి వర్గం రెండో తలుపు గుండా వాకౌట్ చేసింది. ఎటు పోయినా పక్షపాతమవుతుందని అధ్యక్షుడు వంటశాల గుండా నిష్క్రమించాడు.

చెంచురామయ్య మాత్రం కుర్చీ వదల్లేదు. 12:28.

"లేవన్నా, పోదాం," అన్నాడు కోటేష్.

"నేను లేస్తే మినిట్స్ పుస్తకంల ఏం రాస్తరు? కార్యదర్శి పారిపోయిండని రాస్తరు."

కోటేష్ చెమట తుడుచుకుని, పీఠంలో బాంబున్న సంగతి చెప్పేశాడు.

పెద్దాయన పీఠాన్ని ఎగాదిగా చూశాడు. "రామన్న తిడతడు. చంపడు."

"రామన్న కాదన్నా. బయటోళ్లు."

"బయటోళ్లకు మనం గంత పెద్దోళ్లమా ఏంది? నువ్వు గూడ రామన్న వైపోనివే. నన్ను లేపనీకె వచ్చినవ్."

12:29. ఎత్తుకుపోదామంటే పెద్దాయన రెండు చేతులతో కుర్చీని పట్టుకుని ఉన్నాడు. కోటేష్ గొంతు తగ్గించాడు.

"అన్నా, బయట కొత్త కార్యదర్శిని ఎన్నుకుంటున్నరు."

డెబ్బై రెండేళ్ల చెంచురామయ్య కోటేష్ కంటే ముందే గడప దాటాడు. వెనుక పీఠం, మైకు, పైకప్పు రేకులు ఆకాశమార్గం పట్టాయి.

రోడ్డు మీద ముఠా నాయకుడి వ్యాను తలుపు తెరుచుకుంది. లోపల అతనికి బేడీలు బిగిస్తున్నది సాహిత్య.

పొగలోంచి మొదట పరుగెత్తుకొచ్చినవాడు రామన్న. పెద్దాయన భుజాలు, చేతులు తడిమి చూశాడు.

"దెబ్బ తాకిందా అన్నా?"

"లేదు. నన్ను దింపినవంట గదా?"

"ఇంకా లేదే. కోరం సాలలే."

సాయంత్రానికి విదేశీ కుట్రను ఖండించాలని ఉభయ వర్గాలూ ఏకగ్రీవంగా తీర్మానించాయి. ఏ పద్ధతిలో ఖండించాలన్న అంశం మీద వాకౌట్ మర్నాడు ఉదయం జరిగింది.