సార్ వినని గుండె

తెనాలిలో నాగమల్లేశ్వరరావుగారి ఇంట్లో పొద్దున్నే కాఫీ కంటే ముందు గుండె పాఠం మొదలైంది. జువాలజీ లెక్చరర్‌గా రిటైరైనా, వరండాలో మెడికల్ ఎంట్రన్స్ పిల్లలకు ట్యూషన్ చెప్పడం ఆయన మానలేదు. ఈ ఊళ్లో గుండె గురించి తెలిసినవాడు తానొక్కడేనని ఆయన నమ్మకం. డాక్టర్లకు అంతంతమాత్రంగా తెలుసని ఒప్పుకుంటాడు.

"లబ్ అంటే ఏంటి? పై గదులకూ కింది గదులకూ మధ్యనున్న కవాటాలు మూసుకున్న చప్పుడు. డబ్ అంటే, రక్తం బయటికెళ్లాక ధమనుల మొదట్లో కవాటాలు మూసుకున్న చప్పుడు. రాసుకోండి."

భార్య శ్యామలాంబ కాఫీ తెస్తూ గుమ్మం పట్టుకుని ఆగింది.

"ఏంటి, వంటింట్లోంచి వరండాకి రావడానికి రిజర్వేషన్ కావాలా?"

పిల్లలు నవ్వారు. ఆయాసం దాచుకోవడానికి ఆమె కూడా నవ్వింది.

"పడుకుంటే ఊపిరాడటం లేదండి. లేచి కూర్చుంటే కాస్త నయం."

"గ్యాస్. మినపట్లు తగ్గించు."

ఆ రోజే రేపల్లెలో ఆమె చెల్లెలి కూతురి సీమంతం. రైలు కోసం వెళితే, స్టేషన్ వంతెన సగం మెట్ల మీద శ్యామలాంబ కూలబడిపోయింది. ఆయన పైమెట్టు నుంచి, దారినపోయేవాళ్లు కూడా వినేలా అన్నాడు.

"మీవాళ్లింటికైనా చకచకా నడుస్తావనుకున్నాను. ఇక్కడా నాటకమేనా?"

రైలు వెళ్లిపోయింది. ఇంటికొచ్చేదాకా ఆమె మాట్లాడలేదు. మాట్లాడేంత గాలి లేదు.

కోడలు ప్రసూన అత్తగారిని కుర్చీలో కూర్చోబెట్టింది. "ఆస్పత్రికి తీసుకెళ్దాం మామయ్యగారూ."

"బీకాం చదివినదానివి, నాకు గుండె గురించి చెప్తావా?"

"లేదండి. మీకు తెలుసనే అడుగుతున్నాను. ట్యూషన్ పిల్లలందరి గుండెలూ విన్నారుగా. అత్తయ్యది ఎప్పుడన్నా విన్నారా?"

ఆయన ఈసడింపుగా నవ్వి, పాఠాలకు వాడే స్టెతస్కోపు చెవులకు తగిలించుకున్నాడు. "వింటాను. ఏమీ లేదని తేలితే ఈ ఇంట్లో మళ్లీ ఆయాసం మాట వినపడకూడదు."

లబ్‌కీ డబ్‌కీ మధ్య నిశ్శబ్దం ఉండాలి. అక్కడ గాలి ఊదినట్టు ఒక బుస, లబ్ దగ్గర మొదలై డబ్ దాకా సాగుతోంది. మూసుకోవాల్సిన కవాటం సరిగా మూసుకోవడం లేదు. ముందుకు పోవాల్సిన రక్తం కొంత వెనక్కి వస్తోంది. ఆ ఒత్తిడి ఊపిరితిత్తుల మీద పడుతోంది. అందుకే పడుకుంటే ఊపిరాడదు. ఈ జవాబుకు ఆయన ఏటా మార్కులు వేశాడు.

"గ్యాసేనాండి?" అడిగింది శ్యామలాంబ.

ఆయన స్టెతస్కోపు తీసేసి, కోడలి వైపు చూసి తలూపాడు. ప్రసూన ఆటోకి ఫోన్ చేసింది. ఆయన వంగి భార్యకు చెప్పులు తొడగబోతే పట్టీ చాలలేదు. వాచిన పాదం మీద తన చేతి బొటనవేలు ఆనిన చోట గుంట పడి, వేలు తీసినా పూడలేదు.

"ఎన్నాళ్ల నుంచి శ్యామలా?"

"రోజూ చెప్తూనే ఉన్నానుగా."

ఆ గొంతులో కోపం లేదు. కోపమైతే ఆయన ఏదో ఒకటి వాదించి ఉండేవాడు. ఆ పాదాన్ని రెండు చేతులా పట్టుకుని నేలమీదే కూర్చుండిపోయి ఏడ్చాడు.

శ్యామలాంబ ఆయన భుజం మీద చెయ్యి వేసింది.

"లేవండి, ఆటో వచ్చింది. డాక్టరు దగ్గర మాత్రం మీరు మాట్లాడకండి. నేను చెప్తాను."