వాగు ఇసుకలో గుసగుస

ఆ వాగు ఇసుకకి మంచి పేరు లేదు. చీకటి పడ్డాక అందులో దిగిన బండి చక్రాన్ని కింది నుంచి ఓ చెయ్యి పట్టుకుంటుందట. తర్వాత చెవి పక్కన ఓ గొంతు గుసగుసగా ఏదో చెబుతుందట. ఏం చెబుతుందో మాత్రం ఎవరికీ తెలీదు. పూర్తిగా వినేదాకా నిలబడ్డవాడు లేడు మరి.

ఇలాంటివేవీ మన జీపు డ్రైవరు నమ్మేవాడు కాదు — పగటిపూట. ఆ రాత్రి వెనక సీట్లో వాళ్లక్క పురిటినొప్పులు పడుతోంది. బావ ఊళ్లో లేడు. వంతెన మీదుగా చుట్టు తిరిగితే ఆలస్యమని, గుండె చిక్కబట్టుకుని జీపుని వాగులోకి దించాడు.

సగం దాటాక ఆగిపోయింది.

ఎక్సలేటర్ తొక్కాడు. చక్రాలు గిర్రున తిరిగాయి, బండి కదల్లేదు. ఇంకా తొక్కాడు... జీపు ఇంకాస్త కిందికి దిగింది. నిజంగా ఎవరో పట్టి లాగుతున్నట్టే ఉంది.

అప్పుడు, కిటికీ పక్కన —

"తొక్కకు..."

మనవాడికి పై ప్రాణాలు పైనే పోయాయి. భయంతో కాలు మరింత అదిమాడు. జీపు ఇంకో జానెడు దిగబడింది.

"అక్కా... విన్నావా?"

"విన్నాన్రా. తొక్కొద్దంటోందిగా, తియ్యి కాలు," అంది అక్క పళ్లు బిగబట్టి.

"అక్కా, అది దెయ్యం."

"అయితే అయింది. నీకంటే దానికే బుర్రున్నట్టుంది. చెప్పినట్టు చెయ్యి."

దెయ్యం కంటే అక్కంటేనే అతనికి ఎక్కువ భయం. కాలు తీశాడు.

"చక్రాల ముందు ఇసుక తవ్వు..." అంది చీకటి. జీపులో ఉన్న పార తీసుకుని తవ్వాడు. "బండి పొట్ట ఇసుకకి ఆనింది. అక్కడా తవ్వు..." తవ్వాడు. "టైర్లలో కొంచెం గాలి తియ్యి..." తీశాడు. వెనక్కి మాత్రం తిరగలేదు. తిరగమని ఎవరూ చెప్పలేదు కదా.

"చెక్క పలకలుంటే చక్రాల కింద పెట్టు. వెనక ఎవరూ నిలబడొద్దు... పలక ఎగిరొస్తే కాళ్లు విరుగుతాయి. ఇప్పుడు మొదటి గేరు. స్టీరింగు తిప్పకు... మెల్లిగా..."

జీపు మూలిగింది. అతను జీపులోంచి తీసి పెట్టిన పలకల మీదికెక్కింది. ఎక్కడా ఆగకుండా గట్టు చేరింది.

అక్క టార్చి వెనక్కి వేసింది. వెలుతురులో మెడకి గుడ్డ చుట్టుకున్న ఓ ముసలామె, చేతికర్రతో ఆయాసపడుతూ వస్తోంది.

"గొంతుకి ఆపరేషనైంది నాయనా... మాట ఇంతే వస్తుంది. పక్కన పుచ్చతోటకి కాపలా ఉంటాను. మా ఆయన ఈ వాగులోనే ట్రాక్టరు తోలేవాడు."

మనవాడికి సిగ్గూ ఏడుపూ కలిసొచ్చాయి. అక్క మాత్రం పక్కకి జరిగి చోటిచ్చింది. "ఎక్కండి పెద్దమ్మా. తోడుగా ఆడమనిషి ఉంటే నాకూ ధైర్యం."

"గాలి తక్కువుంది, నెమ్మది..." అని ఆసుపత్రి దాకా గుసగుసలాడుతూనే ఉందామె.

తలుపవతల పసిపిల్ల ఏడుపు వినపడ్డాకే మనవాడు వరండా బల్ల మీద కూలబడ్డాడు. కళ్లు తుడుచుకుని అడిగాడు.

"ఇన్నాళ్లూ ఇదంతా ఎవరికీ చెప్పలేదేం పెద్దమ్మా?"

"చెబుదామనే వస్తాను. ఒక్క మాట అనేసరికి బండి వదిలేసి పరిగెడతారు. వాళ్ల వెనకే నేనూ పరిగెడతాను."

"మీరెందుకు?"

ముసలామె అటూ ఇటూ చూసింది. ఉన్న కాస్త గొంతూ తగ్గించింది.

"అక్కడ దెయ్యం ఉందట కదా నాయనా... వాళ్లకి కనపడిందేమోనని."