ఐవీ వెనకాల ఏం జరిగింది?

“పోయినవాటిని వెతకాలి గానీ, డూప్లికేట్లు తయారు చెయ్యకూడదు.”

ఇంగ్లండ్‌లో హాలిఫాక్స్ ఊళ్ళోని ఆ చిన్న థియేటర్‌లో రిహార్సల్ ఆగిపోయింది. స్టేజి మీద పిండి పిసుకుతున్న ఫ్రేయా తలెత్తి చూసింది. తడిసిన రెయిన్‌కోటుతో, చంకలో టేప్ రికార్డర్‌తో తలుపు దగ్గర ఒక పొడుగాటి అబ్బాయి నిలబడి ఉన్నాడు.

“మీరెవరండీ?”

“రోరీ. ఫిల్మ్ ఆర్కైవ్ నుంచి. మీరడిగిన సౌండ్ తెచ్చాను.”

“థాంక్స్. సలహా కూడా మేమే అడిగామా?”

రోరీ చెవులు ఎర్రబడ్డాయి. ఫ్రేయాకి కాస్త తృప్తి కలిగింది.

‘పొద్దుటి రొట్టె’ ఒకప్పుడు దేశమంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతూ చూసిన కామెడీ సీరియల్. ఒక బేకరీ, ఆ బేకరీ యజమాని కూతురు, ఆమెని ప్రేమిస్తూ ఆ మాట చెప్పలేని రొట్టెల వ్యాన్ కుర్రాడు. ఇంతే కథ. ఆ రోజుల్లో టేపులు ఖరీదు. అందుకని చానెల్ వాళ్ళు పాత ఎపిసోడ్లు చెరిపేసి వాటి మీదే కొత్తవి రికార్డు చేసుకున్నారు. అలా పోయినవాటిలో అందరూ చెప్పుకునే ఎపిసోడ్ ఒకటుంది. దానికి బొమ్మ లేదు. ఎవరో అభిమాని టీవీ ముందు మైకు పెట్టి రికార్డు చేసుకున్న శబ్దం మాత్రం మిగిలింది. దాని ఆధారంగా ఆ ఎపిసోడ్‌ని మళ్ళీ ఆడాలని ఫ్రేయా పట్టుదల.

రోరీకి అదే మింగుడుపడలేదు. పోయిన రీళ్ళ కోసం గ్యారేజీలూ చర్చి అటకలూ గాలించడం అతని ఉద్యోగం. పిచ్చి కూడా.

టేపు తిరిగింది. మాటలు, నవ్వులు, మళ్ళీ మాటలు. ఒకచోట మాటలు ఆగిపోయాయి. నవ్వు మాత్రం మొదలై, పెరిగి, ఎంతకీ ఆగలేదు.

“అక్కడేం జరిగిందండీ?” అని రోరీ ముందు వరసలో కూర్చున్న ముసలావిడని అడిగాడు. ఆవిడ ఐవీ. ఆ సీరియల్లో బేకరీ కూతురు ఆవిడే.

“నాకేం తెలుసు బాబూ? నేను కెమెరా వైపు తిరిగి పిండి పిసుకుతున్నా. క్లిఫ్ నా వెనకాల ఉన్నాడు. జనం పడీ పడీ నవ్వారు. ఏం చేశావంటే, ‘టీవీలో వస్తుందిగా, చూసుకో’ అన్నాడు.”

“చూడలేదా?”

“అది టీవీలో వచ్చిన రోజు లీడ్స్‌లో నాటకం ఆడుతున్నా. మళ్ళీ వేస్తార్లే అనుకున్నా. వెయ్యలేదు. తర్వాత క్లిఫ్‌నే పెళ్ళి చేసుకున్నా. కాపురం చేసినన్నాళ్ళూ అడిగా. మీసాల్లో నవ్వుకునేవాడు. చెప్పకుండానే పోయాడు.”

రోరీ టేపు ఆపాడు. కోటు విప్పి వెనక కుర్చీలో కూలబడ్డాడు. మర్నాడు ఏ పనీ లేకపోయినా వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు.

“మీకు డూప్లికేట్లు నచ్చవుగా?” అంది ఫ్రేయా.

“నచ్చవు. తప్పులు పట్టుకుందామని వస్తున్నా.”

“అయితే ఆ నవ్వు దగ్గర ఏం చెయ్యాలో చెప్పండి.”

“వ్యాన్ కుర్రాడు ఒక గుడ్డు తీసి జేబులో దాచుకుని, మర్చిపోయి బల్లకి ఆనుకుంటాడు.”

“అంతసేపు నవ్వుతారా?”

రోరీ చేసి చూపించాడు. గుడ్డు నిజంగానే పగిలింది. సొన ప్యాంటు మీదుగా బూటులోకి కారుతుంటే అతను మొహం మామూలుగా పెట్టడానికి పడ్డ అవస్థ చూసి ఫ్రేయా పిండిలో చేతులుంచి కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది.

“నవ్వుతారు,” అంది కళ్ళు తుడుచుకుని. “నువ్వు చేస్తే.”

ఆ ‘నువ్వు’ ఇద్దరికీ వినపడింది. ఇద్దరూ విననట్టే ఊరుకున్నారు.

ప్రదర్శన దగ్గరపడుతుండగా రోరీ మాయమయ్యాడు. ఫోన్ చేస్తే మాల్టా దీవిలో ఉన్నానన్నాడు. తిరిగొచ్చేసరికి ఫ్రేయా స్టేజి మీది బేకరీ సెట్ తలుపుకి ఆకుపచ్చ రంగు వేస్తోంది. అతని చేతిలో గుండ్రటి రేకు డబ్బా ఉంది.

“దొరికింది ఫ్రేయా. అప్పట్లో అక్కడి టీవీకి పంపిన ఫిల్ము కాపీ. ఒక ప్రొజెక్టర్ ఆపరేటర్ గ్యారేజీలో ఉంది.”

బ్రష్ ఆగింది.

“కంగ్రాట్స్. నువ్వే గెలిచావు.”

“గెలవడమేంటి?”

“అసలుది వచ్చాక మా నాటకం ఎవరిక్కావాలి? నేను ఐవీకి ఇద్దామనుకున్నది నువ్వు ఇచ్చేస్తున్నావు. మంచిదే. ఏడుపొస్తోందంతే.” ముక్కు ఎగబీల్చింది. “ఇంతకీ క్లిఫ్ ఏం చేశాడు?”

“తెలీదు.”

“తెలీదంటే?”

“చూళ్ళేదు. రీలు మొదట్లో ఎపిసోడ్ పేరు చూసి డబ్బా మూసేశా.”

ఫ్రేయా అతనికేసి తేరిపార చూసింది. “ఏళ్ళ తరబడి వెతికిన రీలు చేతికొస్తే చూడకుండా ఎలా ఉన్నావు?”

“కష్టంగా ఉన్నా. విమానంలో ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నా. నీ నాటకం అయ్యాక చూస్తా. ముందే చూస్తే నా మొహం చూసి నువ్వు కనిపెట్టేస్తావు.”

ఆకుపచ్చ రంగు బొట్లుబొట్లుగా ఆమె చెప్పుల మీద పడుతోంది. ఆమెకి తెలియలేదు.

సంగతి ఐవీకి చెప్పారు. ఆవిడ డబ్బాని కాసేపు ఒళ్ళో పెట్టుకుంది. “ముందు మీది, తర్వాత మాది. ఇన్నేళ్ళు ఆగినదాన్ని ఒక్క పూట ఆగలేనా?”

శనివారం మధ్యాహ్నం థియేటర్ నిండింది. తెర లేవబోతుండగా వ్యాన్ కుర్రాడి వేషం వెయ్యాల్సిన డెరెక్‌కి గొంతు పూర్తిగా పోయింది. ఫ్రేయా రోరీకి టోపీ అందించింది.

“నాకు నటన రాదు,” అన్నాడు రోరీ.

“డైలాగులన్నీ వచ్చుగా. మనసులో మాట చెప్పలేనివాడి వేషమేగా, నీకు నటనెందుకు?”

ఆ మాట తలకెక్కేలోపే తెర లేచింది.

ఆ ఘట్టం వచ్చింది. ఫ్రేయా జనం వైపు తిరిగి పిండి పిసుకుతోంది. వెనక గుడ్డు చప్పుడు లేదు. ఏ చప్పుడూ లేదు. మర్చిపోయాడు, అనుకుంది. అంతలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు వరస వరసకీ పాకి హాలంతా ఊగిపోయింది. ఆమె తిరిగి చూసేసరికి రోరీ చేతులు కట్టుకుని పైకప్పుకేసి చూస్తున్నాడు. ముక్కంతా తెల్లగా పిండి.

ఆట ముగిశాక తెల్లటి తెర దించి, రీలు ఎక్కించారు.

తెర మీద పడుచు ఐవీ పిండి పిసుకుతోంది. వెనక క్లిఫ్ టోపీ తీశాడు. మోకాలి మీద కూర్చున్నాడు. మాట పైకి రాకుండా పెదాలు కదిపాడు: నన్ను పెళ్ళి చేసుకుంటావా? వెంటనే ఆమె తరఫున తనే తల అడ్డంగా ఊపాడు. మొహం వేలాడేసి లేచాడు. మనసొప్పక మళ్ళీ కూర్చున్నాడు, మళ్ళీ అడిగాడు, మళ్ళీ తనే కాదన్నాడు. ఆమె తిరిగేసరికి మోకాలు దులుపుకుంటూ రొట్టెలు సర్దుతున్నాడు.

అప్పటి జనమూ ఇప్పటి జనమూ కలిసి నవ్వారు. ఐవీ నవ్వలేదు.

“ఇంకోసారి వెయ్యి బాబూ,” అంది. రెండోసారి చూసి కళ్ళద్దాలు తుడుచుకుంది. “నా ఎదురుగా అడగడానికి ఇంకో ఏడాది పట్టింది మహానుభావుడికి. నేను కాదంటానని ఎవరు చెప్పారంట?” అప్పుడు నవ్వింది, పక్కనున్న ఫ్రేయా చెయ్యి పట్టుకుని ఊపుతూ.

తర్వాత రోరీ వైపు తిరిగింది. “నువ్వు వెనకాల చేసింది హాలంతా చూసింది. ఈ పిల్లొక్కతే చూళ్ళేదు. ఏడాది ఆగకు.”

బయట వాన. ఇద్దరూ పరిగెత్తి చిప్స్ కొట్టు ముందు గుడ్డ పందిరి కింద నిలబడ్డారు.

“చెప్పు. ఏం చేశావు?” అంది ఫ్రేయా.

“నీ జుట్టులో పిండి పడింది. తీద్దామని చెయ్యి చాచా. ధైర్యం చాల్లేదు. మళ్ళీ చాచా. చివరికి మెల్లిగా ఊదా. అదంతా నా ముక్కులోకి వచ్చింది. తుమ్ము ఆపుకున్నా.”

“గుడ్డు?”

“నిన్ను చూస్తూ దాని సంగతే మర్చిపోయా.”

ఫ్రేయా అతనికి వీపు చూపించి నిలబడింది. “ఇప్పుడు పిండి లేదు. మళ్ళీ చెయ్యి.”

వెనక అడుగుల చప్పుడు. రోరీ చుట్టూ తిరిగి, పందిరి దాటి వానలోకి వచ్చి, ఆమె ఎదురుగా నిలబడ్డాడు.

“వెనకనుంచి వద్దు. ఫ్రేయా, నువ్వంటే నాకిష్టం.”

“ఏంటీ? వానలో వినపళ్ళేదు.”

“నువ్వంటే నాకు చాలా ఇష్టం,” అన్నాడు వీధంతా వినేలా.

“మాకు వినపడిందమ్మా,” అన్నాడు కొట్టతను లోపల్నుంచి.

“నాకూ మొదటిసారే వినపడింది,” అంటూ ఫ్రేయా అతన్ని కోటు పట్టుకుని పందిరి కిందికి లాక్కుంది. “బావుంది కదా అని ఇంకోసారి చెప్పించుకున్నా.”