ఎదగని డేగ

"మీ మెట్లు పదమూడు. తొమ్మిదోది వదులుగా ఉంది, చూసుకోండి" అన్నాడు వచ్చినాయన, కుర్చీ తడుముకుని కూర్చుంటూ.

గుమాస్తా ఆరేళ్లుగా ఆ మెట్లు ఎక్కుతున్నాడు. లెక్కపెట్టాలని ఏనాడూ తోచలేదు. వచ్చినాయన చేతిలో తెల్లకర్ర ఉంది. ముప్పై ఏళ్లు భూములు కొలిచిన సర్వేయరు. వెంట వచ్చింది ఆయన బావమరిది, సైకిళ్ల కొట్టు నడుపుతాడు. బల్లకి ఇవతల కూర్చున్నది టీచరమ్మ. ఇరవై ఏళ్లు బడిలో జామెట్రీ చెప్పి, ఆ తర్వాత డిటెక్టివ్ బోర్డు పెట్టింది. గుమాస్తా లెక్కలో ఆవిడకి చేతకానిది ఒక్కటే, టీ పెట్టడం.

"ఏం పోయింది?" అంది టీచరమ్మ.

"పుస్తకం." సర్వేయరు కర్ర మీద వేళ్లు బిగించాడు. "మా పెరట్లోకి వచ్చే డేగల గురించి పదకొండేళ్లుగా రాస్తున్నాను. మొత్తం మూడు పుస్తకాలు. మూడోది మంగళవారం నుంచి కనపడటం లేదు. కాల్చేశాడేమోనని భయంగా ఉందమ్మా."

"ఎవరు?"

"పక్కింటి పావురాలాయన, ఇంకెవరు!" అని బావమరిది అందుకున్నాడు. "డేగ మెడ విరిచేస్తానని ఊరంతా వినేలా అరిచినవాడు. మంగళవారం మా అక్కావాళ్ల వెనక వరండాలోంచి వెళ్తుంటే నా కళ్లతో చూశాను. పోలీసులకి చెబుదామంటే బావ మీ దగ్గరికి పదమన్నాడు."

"రేపటిదాకా చూస్తాను. దొరక్కపోతే నేనే స్టేషన్‌కి వెళ్తాను" అన్నాడు సర్వేయరు. "రేపు పది గంటలకి పక్షుల మాస్టారు వస్తున్నారు. కాలేజీలో చెప్పినాయన. నా పుస్తకాలు అచ్చు వేయిస్తానన్నారు. ఆయనకి కావలసింది ఆ మూడోదే."

"ఎందుకని?"

"అందులో ఒక పిల్ల డేగ ఉంది. పిల్లప్పుడు పొట్ట మీద నిలువు గీతలుంటాయి. పెద్దదయ్యాక అవి పోయి అడ్డగీతలు వస్తాయి. ఒకే పెరట్లో రోజూ చూసి, ఆ మార్పు తేదీతో సహా రాసినవాళ్లు లేరట. నా కళ్లు నీటికాసుల జబ్బుతో పోయి పదహారు నెలలైంది. అప్పటికి రెండు నెలల ముందు నుంచీ ఆ పిల్లని నేనే చూశాను. తర్వాత మా ఆవిడ చూసి రాస్తోంది. గడులు కళ్లుండగానే నేను గీసిచ్చాను. ఏ గడీ ఖాళీగా ఉండకూడదన్నాను. రోజూ సాయంత్రం నాలుగింటికి చదివి వినిపిస్తుంది. గీతల గడి మాత్రం చదవొద్దన్నాను."

"అదేమిటి?"

ఆయన కొంచెం సిగ్గుపడ్డాడు. "మాస్టారు వచ్చిన రోజు ఆయనతో కలిసి విందామని దాచుకున్నాను."

"ఈ వారం ఏం విన్నారు?"

"ఆదివారం పదీ ఇరవై. వేపచెట్టు, ఉత్తరపు ఎండుకొమ్మ. సోమవారం పదీ ఇరవై, అదే కొమ్మ. దాన్ని చూసి గడియారం దిద్దుకోవచ్చు."

టీచరమ్మ కాగితం మీద ఏదో రాసుకుంది. గుమాస్తా తొంగిచూశాడు. 10.20 అని మాత్రమే ఉంది.

*

మర్నాడు ఉదయం తొమ్మిదిన్నరకి మాస్టారికి ఫోన్ చేసి సాయంత్రం రమ్మని చెప్పి, టీచరమ్మ సర్వేయరు ఇంటికి వెళ్లింది. సర్వేయరు భార్య వంటింట్లో గిన్నెలు తోముతోంది. కళ్లు వాచి ఉన్నాయి. గిన్నెల గట్టు పైన నిలువెత్తు అద్దం కిటికీ ఉంది. బయటివైపు అద్దం మీద జానెడేసి దూరంలో కాగితం పట్టీలు అంటించి ఉన్నాయి.

"ఈ కిటికీ కొత్తదా అమ్మా?"

"రెండేళ్లయింది. చూపు మసకేస్తోంది, పెద్ద అద్దమైతే బాగా కనపడుతుందని ఆయనే పెట్టించారు."

"మరి ఈ కాగితాలు?"

"ఎండ కొడుతోందని అంటించాను" అని ఆవిడ మళ్లీ గిన్నె అందుకుంది. అప్పటికే తోమిన గిన్నె అది.

పెరట్లో వేపచెట్టు ఉంది. ఉత్తరంవైపు కొమ్మ ఉండాల్సినచోట మోడు మిగిలింది. కోసిన చోటు నల్లబడిపోయింది. దాని మీద రెండు పావురాలు కళ్లు మూసుకుని కూర్చున్నాయి. చెట్టు మొదట్లో అరచేతి మందాన ఒక పలకరాయి. టీచరమ్మ వాచీ చూసుకుని అక్కడే నిలబడింది. పదీ ఇరవై అయింది, పదిన్నర అయింది. పావురాలు కదల్లేదు.

పావురాలాయన గూళ్లు శుభ్రం చేస్తున్నాడు. నాలుగు గింజల డబ్బాలున్నాయి. మూడింటికి మూతల్లేవు, పక్షులు మూగి తింటున్నాయి. నాలుగోదానికి మూత పెట్టి, పైన ఇటుక ఉంచాడు.

"పుస్తకం తీసుకున్నారా?"

"నేనేం మాట్లాడను టీచరమ్మా."

"పోలీసులు వస్తారు."

"రానివ్వండి. పావురాలకి గింజలు వేసే మనిషిని మాత్రం చూసిపెట్టండి."

బయటికొచ్చాక గుమాస్తా గొణిగాడు. "ఈయనే మేడం. ఒట్టేసి చెబుతాను."

"పుస్తకం తీసుకెళ్లింది ఈయనే. దొంగ మాత్రం కాదు" అంది టీచరమ్మ. ఆవిడ ముఖంలో, కేసు తేలినప్పుడు కనిపించే వెలుగు లేదు. "సాయంత్రం నాలుగింటికి అందరినీ వరండాలో కూర్చోబెట్టు. ఈ కేసు ఒప్పుకోకుండా ఉండాల్సింది."

*

నాలుగింటికి అందరూ కూర్చున్నారు. ఆ వేళకి పుస్తకం వినడం అలవాటైన సర్వేయరు తల పక్కకి వంచి ఉన్నాడు. మాస్టారు ఐదింటికి వస్తారు.

"సర్వేయరుగారూ, మీ వేపచెట్టుకి ఉత్తరపు కొమ్మ లేదు" అంది టీచరమ్మ. "కోసి చాలాకాలమైంది."

"నిరుడు గాలివానకి విరిగిపోయింది, కోయించాం కదా" అన్నాడు బావమరిది. అని నాలిక్కరుచుకున్నాడు.

సర్వేయరు బావమరిది గొంతు వైపు తిరిగాడు.

"మీ డేగ ప్రతిరోజూ పదీ ఇరవైకి, లేని కొమ్మ మీద వాలుతోంది. అదే వేళకి ఆ మోడు మీద పావురాలు కునుకు తీస్తున్నాయి. డేగ తిరిగే పెరట్లో పావురం కన్ను మూయదు. వంటింటి కిటికీ ఉత్తరానిది, ఈ నెలలో అటు ఎండ రాదు. మరి అద్దానికి పట్టీలెందుకు? పక్షికి అద్దం కనపడదు, ఆకాశం కనపడుతుంది. ఒకసారి జరిగింది మళ్లీ జరగకూడదని అంటించినవి అవి. అవునా అమ్మా?"

భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పావురాలాయన గొంతు సవరించుకున్నాడు. "నా పావురాన్నే తరుముకొచ్చింది. పావురం పక్కకి తిరిగింది, డేగ తిరగలేక అద్దానికి గుద్దుకుంది. గోడ మీంచి చూశాను. నా పావురం బతికింది కదా, సంతోషిద్దామనుకున్నాను. కుదర్లేదు. గోడ దూకి వచ్చేసరికి ఈ చెల్లమ్మ దాన్ని ఒళ్లో పెట్టుకుని ఉంది. చెట్టు కింద గొయ్యి తీసింది నేనే."

"ఆ ముందురోజే డాక్టరు ఇక చూపు రాదన్నాడు" అంది భార్య. "ఇంటికొచ్చి మీరు అన్నం ముట్టలేదు. డేగ వచ్చిందా అని ఒక్క మాట అడిగారు. ఎలా చెప్పనండీ?"

"అలా పద్నాలుగు నెలలు రాసుకొచ్చారు" అంది టీచరమ్మ. "గడి ఖాళీగా ఉండకూడదు కాబట్టి గీతల గడిలో పై పేజీలో ఉన్నదే దించుతూ వచ్చారు. నిలువు గీతలు, నిలువు గీతలు. పెద్దదయిన తేదీ కావాలని మాస్టారు అనేసరికి చూసుకుంటే, ఆ డేగ ఎదగనేలేదు. మాస్టారు పేజీ తిప్పగానే కనిపెడతారు. దొరక్కుండా దాచమని ఈ పావురాలాయనకిచ్చారు. నాలుగో గింజల డబ్బాలో ఉంది. దొంగతనం నెత్తిన వేసుకోడానికి సిద్ధపడ్డాడు గాని, ఈయన మీ మాట బయటపెట్టలేదు."

పావురాలాయన లేచి వెళ్లి పుస్తకం తెచ్చి ఆవిడ ఒళ్లో పెట్టాడు. అట్ట మీద జొన్నగింజ ఒకటి అంటుకుని ఉంది.

సర్వేయరు భార్య ఉన్న వైపుకి తల తిప్పాడు.

"కళ్లు పోయాయని నేను ఏడవలేదు. నీ కళ్లున్నాయి కదా అనుకున్నాను."

ఆరేళ్లలో మొదటిసారి గుమాస్తాకి, టీచరమ్మ కేసు విప్పకుండా ఉంటే బాగుండుననిపించింది.

"ఆ కిటికీ పెట్టించింది నేను" అన్నాడు సర్వేయరు, తనలో తను అనుకున్నట్టు. తర్వాత గొంతు మారింది, పొలం గట్టు మీద నిలబడి కూలీలతో మాట్లాడే గొంతు అది. "అది పడిన టైమెంత?"

"పదీ ఇరవై."

"కొలిచావా?"

"కొలిచాను. మీ టేపుతోనే. మీరైతే కొలుస్తారని." రవికలోంచి మడతలు పడిన కాగితం తీసింది. "రెక్క పద్దెనిమిదిన్నర సెంటీమీటర్లు. తోక పదిహేను."

"గీతలు?"

"నిలువే. అడ్డం ఇంకా రాలేదు."

"రాయి. ఆ తేదీ పేజీలో రాయి. సాక్షి అని పక్కింటాయన్ని రాయి."

ఆవిడ పెన్సిల్‌తో రాసింది. అది కాగితం మీద కదిలినంతసేపూ ఆయన వింటూ కూర్చున్నాడు.

"మిగతా పేజీలు చింపేద్దాం బావా, మాస్టారు చూస్తే నవ్వుతారు" అన్నాడు బావమరిది.

"పేజీ చింపిన పుస్తకాన్ని ఎవరూ నమ్మరు. 'ఇక్కణ్నుంచి చూసినవి కావు' అని పైన రాసి మాస్టారికి ఇచ్చేయ్" అన్నాడు సర్వేయరు. మళ్లీ తల పక్కకి వంచి, "నాలుగు దాటింది కదూ? ఆ మర్నాటి పేజీ చదువు."

"అది నిజం కాదండీ."

"తెలుసులే. చదువు."

ఆవిడ పేజీ తిప్పింది. మొదటి మాట దగ్గరే వేలు ఆగిపోయింది. పావురాలాయన ఆవిడ ఒళ్లోంచి పుస్తకం తీసుకుని, దూరంగా పట్టుకుని, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదవడం మొదలుపెట్టాడు.

"ఉదయం పదీ ఇరవై. వేపచెట్టు. ఉత్తరపు ఎండుకొమ్మ. డేగ వచ్చింది. కులాసాగా ఉంది."