మాట్లాడుకుంటూ నడవాలి

మోకాలు నొప్పని చెబితే భర్త నమ్ముతాడు, కానీ సాయంత్రానికల్లా నూనె సీసా పట్టుకుని కాళ్ళ దగ్గర కూర్చుంటాడు. తలనొప్పి అంటే, పొద్దుటి గాలి తగిలితే అదే పోతుందంటాడు. బడికే సెలవు పెడితే? పరీక్షల ముందు సెలవెందుకని అడుగుతాడు. వినోద పొయ్యి ముందు నిలబడి, నడక తప్పించుకోవడానికి ఒక్కో సాకునూ పైకి తీసి చూసుకుంటోంది. ఏదీ నిలిచేలా లేదు.

"అమ్మా, పాలు!" స్రవంతి ఉరికొచ్చి స్టవ్వు ఆపింది. "ఏడున్నది నీ మనసు?"

"ఈడ్నే ఉన్నది."

"ఉంటే పాలెట్ల పొంగినయ్?"

హాల్లోంచి రాంప్రసాద్ గొంతు వినిపించింది. "గ్యాసు ఊకెనే కాలవెడుతాన్రా? వినోదా, పప్పు నానవెట్టినవా? నానితే జల్ది ఉడుకుతది. కుక్కర్ కూత రాంగనే మంట తగ్గించాలె, యాది ఉన్నదా?"

"ఆ ఫ్యాను గూడ బందువెట్టు నాన్నా," అంది స్రవంతి. "కరెంటు మిగులుతది, చెమట పడితే నీ బొజ్జ తగ్గుతది. ఒక్క దెబ్బకు రెండు లాభాలు."

"నవ్వు బిడ్డా, నవ్వు. మీ అమ్మ, నేను సన్నగయినంక నువ్వే ఫోటోలు తీస్తవ్. ఇయ్యాల నాకు కాలేజీ లేదు. బడి దాక మీ అమ్మ ఎంబడి నేనే నడుస్త."

వినోద పొంగిన పాలను గుడ్డతో తుడిచింది. ఆమె పొద్దున లేచిన దగ్గర్నుంచి ఈ మాట కోసమే భయపడుతోంది.

రాంప్రసాద్ హనుమకొండలో ఒక జూనియర్ కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటు. ఏ పనైనా ప్రయోగంలా చేయడం అతని అలవాటు. చలికాలం చివర్లో డాక్టరు అతనికి షుగర్ అంచున ఉంది, బరువు తగ్గమని చెప్పాడు. ఆ వారంలోనే పెట్రోలు ధర గురించి కాలేజీలో ఎవరితోనో వాదన పెట్టుకున్నాడు. రెండూ కలిసి అతని తలలో ఒకే సూత్రమయ్యాయి. స్కూటరు మీద రెగ్జిన్ కవరు కప్పేశాడు. ఇల్లున్న మట్టెవాడ నుంచి చౌరస్తా దాకా నడక, అక్కడి నుంచి అతనికి బస్సు. వినోద టీచరుగా చేసే బడి రైలు పట్టాలకు అవతల, ఖిలా వరంగల్ పోయే దారిలో ఉంది. ఇన్నేళ్ళూ స్కూటరు మీద దింపేవాడు. ఇప్పుడు ఆమె మొత్తం నడవాలి.

ఈ సూత్రాన్ని అతను ఒక పెళ్ళిలో చుట్టాలందరి ముందూ ప్రకటించాడు. "మేమిద్దరం ఎక్కితే పాపం బండి మూలుగుతాంది. మేం తగ్గితే దానికి మైలేజీ పెరుగుతది." అందరూ నవ్వారు. వినోదా నవ్వింది. అందరికంటే కాస్త ఎక్కువసేపే నవ్వింది. ఇంటికొచ్చాక అద్దం ముందు చీర మార్చుకుంటూ, అతను అన్నది ఇద్దరి గురించే కదా అని తనకు తాను సర్దిచెప్పుకుంది. నవ్విన కళ్ళు మాత్రం తన వైపే తిరిగాయని ఆమెకు తెలుసు.

అయినా నడకంటే ఆమెకు అయిష్టం లేదు. భయం వేరే. రొమ్ము మధ్య ఎవరో పిడికిలితో నొక్కి పట్టినట్టు ఉండడం బడి మెట్ల మీదే మొదలైంది. అప్పటికి ఇంట్లో నడక ఊసే లేదు. మేడ మీది తరగతికి ఎక్కి, గుమ్మం పట్టుకుని కాసేపు నిలబడితే పోయేది. పిల్లలు "నమస్తే టీచర్" అని పాడుతుంటే చెయ్యి ఊపి ఊరుకునేది. పోయింది కదా, ఇంకెందుకు చెప్పడం అనుకునేది. మర్నాడు మళ్ళీ వచ్చేది.

చెప్పకపోవడానికి అసలు కారణం అక్క రమ. రమ ఒకసారి గుండెలో పట్టేస్తోందని చెప్పింది. అంతే, ఆ రోజు నుంచి ఆ ఇంట్లో రమ లేదు, ఒక రోగి ఉంది. వంటింట్లోకి రానివ్వలేదు. ఆమె గదిలోకి వెళ్ళగానే అందరి గొంతులూ తగ్గేవి. ఆమె కోసం అన్నీ చేశారు, ఆమెను మాత్రం ఏదీ అడగలేదు. ఏడాది తిరగకుండానే పోయింది. నొప్పి వల్ల పోయిందో, నొప్పి అని చెప్పడం వల్ల పోయిందో వినోద మనసు ఇప్పటికీ తేల్చుకోలేదు. రెండోది తెలివితక్కువ ఆలోచనని తెలుసు. తెలిసినంత మాత్రాన అది లోపలి నుంచి కదల్లేదు.

నడక మొదలైన కొత్తలో రాంప్రసాద్ కూడా బడి దాకా వచ్చి, అక్కడి నుంచి బస్సెక్కేవాడు. అతనికి ఒక సలహా దొరికింది. నడిచేటప్పుడు మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి, అదే సరైన వేగమట. అందుకని దారి పొడవునా ఆమెను మాట్లాడించేవాడు. "ముచ్చట వెట్టు వినోదా. బడిల ఏమైంది? మీ హెడ్మాస్టర్ ఏమన్నడు?" పట్టాల కింది అండర్ బ్రిడ్జిలోకి దిగేదాకా ఆమె చెప్పేది. అవతలి వైపు ఎక్కడం మొదలుకాగానే మాట ఆగిపోయేది. "ఊఁ" అనేది. అతను మళ్ళీ అడిగితే మళ్ళీ "ఊఁ."

ఇరవై అయిదేళ్ళ కాపురంలో వినోద కోపం వస్తే అరవదు, మాట మానేస్తుంది. పెళ్ళయిన కొత్తలో అతను బిత్తరపోయేవాడు, తర్వాత నేర్చుకున్నాడు. ఇప్పుడు ఆ నేర్చుకున్నదే అడ్డొచ్చింది. ఆమె అలిగిందనుకున్నాడు. పెళ్ళిలో వేసిన జోకు గుర్తొచ్చి, ఆ సాయంత్రం మిర్చి బజ్జీలు పొట్లం కట్టించుకుని వచ్చాడు. బరువు తగ్గాలని పొద్దున చెప్పిన మనిషి సాయంత్రం నూనె కారే పొట్లం చేతిలో పెట్టి, "మాఫ్ చెయ్యి, నోరు జారింది," అన్నాడు.

ఆ క్షణంలో చెప్పాల్సింది. చెప్పలేదు. అలక అనుకుంటేనే మేలనిపించింది. అలక తీరుతుంది, అలకకు మందులు రాయరు. అంతేకాదు, ఆమె నిజంగా అలగలేదా అంటే, అలిగింది కూడా. ఏది ఊపిరాడకపోవడమో, ఏది కోపమో ఆమెకే విడదీయడం కష్టమైంది. కొన్నాళ్ళకు అతనూ విసిగాడు. "నాతోని నడుసుడు నీకు ఇష్టం లేదు, సరే," అని చౌరస్తా దగ్గరే బస్సెక్కడం మొదలుపెట్టాడు. బస్సు కదలగానే వినోద సందు మలుపు తిరిగి బాబా మియా ఆటో ఎక్కేది. బడికి కొంచెం ఇవతల దిగి, నడిచి వచ్చినట్టు లోపలికి వెళ్ళేది.

ఇవాళ అతను చౌరస్తాలో ఆగడు.

"తయారైనవా?" రాంప్రసాద్ బూట్లు బిగించుకుని గుమ్మంలో నిలబడ్డాడు. "ఇయ్యాలన్న మంచిగ మాట్లాడుకుంట పోదాం."

"ఎండ ఎక్కువున్నది," అంది వినోద.

"ఎనిమిది గూడ కాలే, ఎండేడిది?"

వీధిలోకి వచ్చారు. అతను ఆమె బ్యాగు తన భుజానికి వేసుకున్నాడు. ఆ చిన్న పనికి ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది. చౌరస్తా దాటారు. సందు మలుపులో ఇంజను ఆపుకుని కూర్చున్న బాబా మియా ఆమెను చూడగానే తాళం తిప్పాడు.

"టీచరమ్మా, రాన్రి రాన్రి. ఇయ్యాల లేటయింది, రోజు గీపాటికి బడికాడ దించేటోన్ని," అన్నాడు. అప్పుడు పక్కన మనిషిని చూశాడు. "సలాం సార్."

రాంప్రసాద్ ఆటోను చూశాడు. బాబా మియాను చూశాడు. తర్వాత నెమ్మదిగా భార్య వైపు తిరిగాడు. "రోజూనా?"

వినోద చీర కొంగు సర్దుకుంది.

"ఏం బాబా మియా, రోజూనా?"

బాబా మియా మెడ గోక్కున్నాడు. "అంటే... అప్పుడప్పుడు సార్."

"నడుత్తాన్న అని రోజు పొద్దుమీకి నాకు చెప్తవ్ గదా!" రాంప్రసాద్ గొంతు పెరిగింది. "పైసల సంగతి కాదు వినోదా. ఆటోల పోతా అంటే నేను వద్దంటనా? నేను నీ పానం మంచిగుండాలె అని మొత్తుకుంటాన్న. నువ్వేమో నన్ను బస్సెక్కిచ్చి ఈడ దొంగతనంగ..."

"మెల్లగ మాట్లాడు. అందరు చూత్తాన్రు."

"చూడనియ్యి! నాతోని మాట మాట్లాడవు. నేనేమన్న అడిగితే ఊఁ అంటవ్. బజ్జీలు తెచ్చిన, మాఫ్ చెయ్యమన్న. ఇంకేం జేయాలె? నేనంటే అంత రోతయిందా నీకు?"

'రోత' అన్న మాటకు ఆమె లోపల ఏదో తెగింది. జవాబు చెప్పడానికి నోరు తెరిచింది, కానీ బయటికి వచ్చింది జవాబు కాదు. "నడవాలె గదా? నడుత్త పా," అని ముందుకు నడిచింది. వేగంగా నడిచింది. తిట్టలేని మనిషి కాళ్ళతో తిడుతున్నట్టు నడిచింది. వెనక అతను పిలుస్తున్నాడు. అండర్ బ్రిడ్జి వాలు కాళ్ళను లాగేసుకుంది. పైన రైలు పోతోంది, కింద హారన్లు. చల్లటి చీకట్లోంచి అవతలి ఎండలోకి ఎక్కడం మొదలైంది.

సగం ఎత్తులో పిడికిలి పడింది. ఈసారి అది రొమ్ము మధ్యలో ఆగలేదు. ఎడమ దవడ దాకా పాకింది. ఆమె గోడకు చెయ్యి ఆనించి నిలబడింది.

రాంప్రసాద్ రొప్పుతూ వచ్చి రెండడుగుల దూరంలో ఆగాడు. "మల్ల అలిగినవా? నడి రోడ్డు మీద గూడ అలుగుతవా? ఒక్క మాటన్న మాట్లాడు!"

ఆమె మాట్లాడడానికే ప్రయత్నిస్తోంది. పెదాలు కదులుతున్నాయి.

"వినోదా?"

అతను దగ్గరికొచ్చాడు. ఆమె నుదుటి మీద చెమట చూశాడు. గోడ మీద వేళ్ళు చూశాడు. అవి గోడను పట్టుకోవడానికి వీల్లేని చోట కూడా పట్టుకునే ప్రయత్నం చేస్తున్నాయి.

"అలగలే," అంది ఆమె. ఒక్కో మాటకూ మధ్య ఒక్కో ఊపిరి. "అలుగుడు... కాదు. ఎక్కంగ... మాట రాదు."

"మాట రాదా?"

"ఊపిరి... వత్తలేదు. అందుకే... ఊఁ అంటాన్న."

రాంప్రసాద్ ముఖంలో రంగు పోయింది. దారి పొడవునా తాను విన్న 'ఊఁ'లన్నీ ఒక్కసారిగా అతని చెవిలో అర్థం మార్చుకుంటున్నట్టు ఆమెకు అనిపించింది. అతను భార్యను రోడ్డు అంచున మెల్లగా కూర్చోబెట్టి వెనక్కి తిరిగి అరిచాడు. తన మాట వల్ల గొడవైందని నెమ్మదిగా వెనకే వస్తున్న బాబా మియా అప్పటికే ఆటోను పక్కకు తీస్తున్నాడు.

"హనుమకొండకా సార్?"

"ఏది దగ్గరుంటే ఆ దవాఖానకు. పోనియ్, జల్ది!"

"ఫికర్ చెయ్యకున్రి. టీచరమ్మా, కండ్లు మూయకున్రి."

ఆటోలో అతను ఆమె చేతిని రెండు చేతులతో పట్టుకున్నాడు. నొప్పి కొంచెం సడలింది. "నేనేమో మాట్లాడుమని చంపుకతిన్న," అంటున్నాడు తనలో తాను. "మాట్లాడితే స్పీడు కరెక్టు అన్నరు. మాట్లాడకపోతే ఏందో ఆలోచించాలె గదా. ఎంత పిచ్చోన్ని." వినోద అతని భుజానికి తల ఆనించింది. ఇరవై అయిదేళ్ళలో అతను తనను తాను తిట్టుకోవడం ఆమె ఎప్పుడూ వినలేదు. వినడానికి కొంచెం హాయిగా ఉంది. ఆ హాయికి ఆమెకే సిగ్గేసింది.

దవాఖానలో తీగలు అంటించి, కాగితం మీద గీతలు తీశారు. సూది ఇచ్చారు. పరదా పక్కకు జరిపి ఒక చిన్న వయసు డాక్టరమ్మ వచ్చింది. ఆ గీతలు చూస్తూ, "ఇప్పుడు నొప్పి తగ్గిందా అమ్మా? భయపడకండి, టైముకే వచ్చారు. ఇది ఎప్పట్నుంచి ఉంది?" అని అడిగింది.

"ఇయ్యాలనే మేడం," రాంప్రసాద్ అందుకున్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "తప్పంత నాదే. ఆమెకు ఇంతకుముందు ఏం లేకుండె. నేనే బరువు తగ్గాలె అని, బండి బందువెట్టి నడిపిచ్చిన. ఎక్కుడుల గూడ స్పీడుగ నడిపిచ్చిన."

డాక్టరమ్మ రాసుకోవడానికి పెన్ను తీసింది.

వినోద ఆ పెన్ను వంక చూసింది. ఊరుకుంటే సరిపోతుంది. తప్పు అతనే తన మీద వేసుకున్నాడు, ఇక ఆమె దాచిందేదీ ఉండదు. పెళ్ళిలో నవ్విన వాళ్ళందరికీ కూడా అదే జవాబవుతుంది. కానీ అతను ఇక జీవితాంతం ఆ నేరం మోస్తూ ఆ ఎత్తు ఎక్కుతూనే ఉంటాడు. డాక్టరమ్మ కూడా లేని రోగానికే మందు రాస్తుంది. రమ గుర్తొచ్చింది. రమ చెప్పడం వల్ల పోలేదు. రమను ఎవరూ ఏమీ అడగలేదు. ఇప్పుడు ఈ అమ్మాయి అడుగుతోంది, జవాబు కోసం నిలబడి ఉంది.

అతను ఇంకా ఏదో చెప్పబోతున్నాడు. వినోద తీగలున్న చేతిని మెల్లగా కదిపి, అతని మణికట్టు మీద వేసి ఆపింది.

"ఇయ్యాలనే కాదు మేడం," అంది. "చలికాలం సంది. ఈయన నన్ను నడువుమనక ముందు సంది."