వరసలో చివరి పిల్ల

ఆ హాలు చూడగానే టైలరమ్మకి కడుపు నిండిపోయింది. ఒకప్పుడు ఆడపిల్లల బోర్డింగ్ స్కూలు అది. పిల్లలు పోయారు, బల్లలు పోయాయి, పావురాలు మిగిలాయి. ఇంట్లో అయితే కాలు కదిపితే మంచం, చెయ్యి కదిపితే పొయ్యి. ఇక్కడ ఎంత గుడ్డ పరిచినా ఇంకా చోటే. బడికి సెలవులు కాబట్టి కూతురు బుజ్జిని కూడా వెంటబెట్టుకుని మిషను దింపించింది.

మేనత్త మాత్రం ససేమిరా అంది. ఆవిడ ఆ స్కూల్లోనే చదువుకుంది.

“ఊళ్ళో ఇంకెక్కడా చోటు దొరకలేదుటే నీకు?”

“దెయ్యాలున్నాయని మాత్రం చెప్పకు అత్తా. ఉంటే రమ్మను, కాజాలు కుట్టిస్తా. పనివాళ్ళు దొరక్క చస్తున్నా.”

అత్త నవ్వలేదు.

“స్కూల్లో అద్దం ఉండేది కాదే. పొద్దున్నే ఆ హాల్లో వరసగా కూర్చునేవాళ్ళం. ఎవరి ముందున్న పిల్లకి వాళ్ళు జడ వెయ్యాలి. వెనకపిల్ల ‘అయింది’ అనేదాకా లేవకూడదు, తిరగకూడదు. గోడ దగ్గర చివర కూర్చున్న పిల్లకి వార్డెనమ్మ వచ్చి, ఆ పొడవాటి గరుకు వేళ్ళతో వేసేది. నచ్చకపోతే విప్పేసి మళ్ళీ వేసేది. ఆ ఏడు చివరిది నా వెనకపిల్లే. ఓ రోజు జ్వరంతోనే వచ్చి కూర్చుంది. నాకు జడ వేసి ‘అయింది’ అంది. మేమంతా లేచి పోయాం. వార్డెనమ్మ ఆ రోజు రాలేదు. పిల్ల లేవలేదు. సాయంత్రం చూస్తే అలా కూర్చునే ఉంది. ఒళ్ళు మాత్రం చల్లబడిపోయింది.”

ఆ పిల్ల పోయాక స్కూలు ఎక్కువ రోజులు నడవలేదు. టైలరమ్మకి జాలేసింది కానీ భయం వెయ్యలేదు. భయపడుతూ కూర్చుంటే పని ఎవరు చేస్తారు?

కానీ ఆ హాల్లో ఆమెకి ఎందుకో మనసు నిలిచేది కాదు. మిషను తొక్కుతూ తొక్కుతూ ఆపేసేది. ఎవరో పిలిచినట్టు తల తిప్పేది. దారం ఊరికే తెగేది. ఒక్కోసారి మిషను నూనె వాసనలోంచి తలనూనె వాసన వచ్చేది.

ఓ సాయంత్రం పెద్ద వాన పట్టింది. కరెంటు పోయింది. వరండాలో ఉన్న గుడ్డల మూటలు తడిసిపోతాయని టైలరమ్మ ఒక్కొక్కటే లోపలికి ఈడుస్తోంది. హాల్లో మసక చీకటి. వాన చప్పుడు కింద ఇంకేదో సన్నని చప్పుడు... చిక్కు జుట్టులో దువ్వెన దిగుతున్నట్టు. ఒకటి కాదు. చాలా దువ్వెనలు.

“బుజ్జీ?”

చీకట్లోకి కళ్ళు చికిలించి చూసింది.

బుజ్జి హాలు చివర, గోడకి కాస్త ఎడంగా కూర్చుని ఉంది. వీపు నిటారుగా ఉంది. జుట్టు విప్పుకుని ఉంది. చేతులు ముందుకు చాపి, గాల్లో ఏదో అల్లుతోంది. ఆ వేళ్ళు ఆగకుండా ఆడుతున్నాయి.

“ఏం చేస్తున్నావే? లే, ఇంటికెళ్దాం.”

“ష్... లేవకూడదమ్మా.” బుజ్జి తల తిప్పలేదు. “నాకింకా ఎవరూ జడ వెయ్యలేదు.”

టైలరమ్మ చేతిలో మూట వదిలేసి పరిగెత్తింది. రెండు భుజాలూ పట్టుకుని లాగింది. గుడ్డల మూటలు ఒంటి చేత్తో ఈడ్చే మనిషి, కన్నపిల్లని అంగుళం కదపలేకపోయింది. పైగా ఆ భుజాలు చల్లగా ఉన్నాయి. చూస్తుండగానే ఇంకా చల్లబడుతున్నాయి.

“లాగకే!”

గుమ్మంలో అత్త. వానలో వీళ్ళ కోసమే గొడుగు పట్టుకుని వచ్చింది. చేతిలోంచి గొడుగు జారిపోయింది.

“జడ వెయ్యి. వేసి ‘అయింది’ అను. అప్పుడు గానీ లేవదు.”

టైలరమ్మ కూతురికీ గోడకీ మధ్య దూరి కూర్చుంది.

“ఆగవే...” అత్త రెండడుగులు ముందుకు వేసింది. “అక్కడ కూర్చుంటే... చివర నువ్వవుతావే.”

“నా సంగతి తర్వాత చూద్దాంలే అత్తా.”

జుట్టు మూడు పాయలు చేసింది. పాయలు జారిపోయాయి. మళ్ళీ పట్టుకుంది. కుడి, ఎడమ, మధ్య... రోజూ వేసే జడే. ఎంతకీ తరగదే! చివర ముడి పడింది.

“అయింది.”

బుజ్జి నిద్రలోంచి ఉలిక్కిపడ్డట్టు లేచింది. ఏడుస్తూ పరిగెత్తి అత్త నడుము చుట్టేసింది.

“వెచ్చగానే ఉందే! ఒళ్ళు వెచ్చగానే ఉంది!” అత్త అరిచింది.

అమ్మయ్య! టైలరమ్మకి కళ్ళనీళ్ళు ఆగలేదు. ఇక ఏమైనా ఫరవాలేదనిపించింది. లేవబోయింది.

కాళ్ళు లేవలేదు.

“బుజ్జిని తీసుకెళ్ళు అత్తా.”

“నువ్వూ రావే!”

“తీసుకెళ్ళు.”

అడుగుల చప్పుడు వానలో కలిసిపోయింది. ఆమె వీపు గోడకి ఆనుకునే ఉంది. మధ్యలో చీమ దూరే సందు లేదు. అయినా వెనక ఆమె కొప్పు మెల్లగా వదులైంది. జుట్టు వీపు మీద పడింది. వేళ్ళు దూరాయి... మూడు పాయలు తీశాయి.

అప్పుడు పోయిన ఆ చిన్నపిల్లే అయ్యుంటుంది, పాపం, వేసి వదిలేస్తుంది అనుకుంది టైలరమ్మ.

కానీ అవి చిన్నపిల్ల వేళ్ళు కావు. పొడవాటివి. గరుకుగా ఉన్నాయి. జడని సగం దాకా అల్లాయి. ఆగాయి. ఆమె ఊపిరి బిగబట్టింది, ఆ ఒక్క మాట కోసం.

అల్లిందంతా విప్పేసి, మళ్ళీ మొదలుపెట్టాయి.