పెదమావయ్య చేతి ముద్ద

బిబిగుల్ పిండి పిసుకుతోందన్న మాటే గానీ, కళ్లన్నీ పొయ్యి మీదే ఉన్నాయి. అక్కడ అత్తగారు ఉడికిన గుర్రపు మాంసంలోంచి కొవ్వు లేని ముక్కలు ఏరి చిన్న గిన్నెలో వేస్తోంది. ఎవరికోసమని అడగక్కర్లేదు. షింకెంట్ పట్నంలోని ఆ ఇంట్లో చిన్న గిన్నె అంటే చిన్న కోడలు మల్దిర్‌దే.

నాలుగేళ్ల క్రితం కడుపు చిన్నది చేసే ఆపరేషన్ చేయించుకుని మల్దిర్ సగమైంది. అప్పట్నించీ చుట్టాలకి ఆమె తప్ప వేరే మాటే లేదు. ఇరవై ఏళ్లుగా ఇంటిల్లిపాదికీ వండి వారుస్తున్న బిబిగుల్ తిన్నదో లేదో అడిగిన నాథుడు లేడు. మల్దిర్ ఒక్క ముక్క వదిలేస్తే మాత్రం అత్తగారు విలవిల్లాడిపోతుంది. ఒళ్లు మండిపోదూ మరి!

"గుడ్డు కూడా వలిచి నోట్లో పెట్టమంటారా అత్తయ్యా, ఆవిడగారికి?"

"పెడితే అరిగిపోతావా? దానికి పట్టేదే పిడికెడు. ఆ కాస్తలోనే బలం ఉండాలి."

"నేను వలుచుకుంటాలే అక్కా," అని నవ్వింది మల్దిర్. ఆ నవ్వు కూడా బిబిగుల్‌కి నచ్చలేదు.

మధ్యాహ్నానికి చుట్టాలు దిగారు. పిండి రేకుల మీద మాంసం పేర్చిన పెద్ద పళ్లెం చుట్టూ అందరూ చేరారు. మల్దిర్ తన గిన్నెలోని ముక్కల్ని నిదానంగా నములుతూ, టీ కప్పు పక్కన పెట్టేసింది. "ఏం తింటున్నావే తల్లీ, ఇంత నాజూగ్గా ఉన్నావు?" అని మేనత్త మురిసిపోయింది. టీ పోస్తున్న బిబిగుల్ పళ్లు కొరుక్కుంది.

చివర్లో పెదమావయ్య సపార్‌బెక్ పళ్లెంలో మిగిలిన మాంసాన్ని గుప్పిట పట్టి చిన్నవాళ్ల నోట్లో పెట్టసాగాడు. పెద్దల చేతి ముద్ద దీవెన, మొహం తిప్పుకుంటే అవమానం. మల్దిర్ దగ్గరికొచ్చేసరికి ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"నీకొద్దులేమ్మా."

అత్తగారు వంటింట్లో ఉంది. బిబిగుల్ నోరు ఊరుకోలేదు.

"ఒక్క ముద్దకేమవుతుంది పెదమావయ్యా? నాలుగేళ్లయింది, ఎప్పుడో మానిపోయింది. మీ చేతి దీవెన వద్దంటుందా?"

మల్దిర్ ఒక్కసారి తోడికోడలి వైపు చూసింది. తర్వాత నోరు తెరిచింది. కొవ్వు, పిండి కలిసిన గుప్పెడు ముద్ద లోపలికెళ్లింది. కాసేపటికి ఆమె నెమ్మదిగా లేచి పెరట్లోకి వెళ్లింది.

నాటకం చూద్దామని వెనకే వెళ్లిన బిబిగుల్ గడప దగ్గరే నిలబడిపోయింది. మల్దిర్ గుండె పట్టుకుని వంగిపోయి ఉంది. ఒళ్లంతా చెమటలు.

"నీళ్లు తెస్తానుండు."

"వద్దక్కా, ఇంకా బిగుస్తుంది."

మింగినదంతా బయటికొచ్చాక ఆమె మెట్టు మీద కూలబడింది. బిబిగుల్ పక్కనే కూర్చుంది.

"ఎందుకు మింగావే? వద్దని చెప్పొచ్చుగా."

"నువ్వు నాకొకటి పెట్టమని అడగడం ఇదే మొదటిసారి. ఎలా వద్దనను?"

బిబిగుల్ ఆమె నుదుటి మీది చెమట తుడిచింది.

"ఇది మానిపోయేది కాదక్కా. బతికినన్నాళ్లూ ఇంతే. మీరంతా ఒకే పళ్లెంలో చేతులు పెట్టి తింటుంటే, నేను ఆ గిన్నె పట్టుకుని నిన్నే చూస్తుంటాను. ఎంత కుళ్లుకుంటానో నీకేం తెలుసు?"

"నన్ను చూసా?" అంది బిబిగుల్. "నేను ఆ గిన్నెని చూసి ఏడుస్తున్నానే పిచ్చిదానా."

లోపల్నించి పెదమావయ్య పిలిచాడు. "చిన్నకోడలేదీ? ఇంకో ముద్ద ఉంది."

బిబిగుల్ వెళ్లి ఆయన ముందు మోకాళ్ల మీద కూర్చుంది.

"మల్దిర్ అది తినకూడదు పెదమావయ్యా. మీరు వద్దన్నా నేనే పెట్టించాను, కడుపుమంటతో. ఆ ముద్ద నాకు పెట్టండి."

గుమ్మంలో అత్తగారు నిలుచుండిపోయింది.

"ఇన్నేళ్లలో నీకెప్పుడూ పెట్టలేదా నేను?" అన్నాడు ముసలాయన.

"మీరు పెట్టే వేళకి నేను వంటింట్లో ఉంటాను."

ఆయన గుప్పిట నిండా తీసి ఆమె నోట్లో పెట్టాడు. బిబిగుల్ కళ్ల వెంట నీళ్లు ధారకట్టాయి. ముద్ద గొంతు దిగడం లేదు.

వెనక నుంచి మల్దిర్ వచ్చి ఆమె వీపు నిమిరింది.

"నిదానంగా నములక్కా," అంది. "తొందరేం లేదు."